కొండబండికి రాని భాష

మిల్లు సంగు, అంటే సైరను, ఊదేది పొద్దున ఆరింటికి. పాపమ్మాళ్ లేచేది దానికి గంట ముందు. మొహం కడుక్కుని, పొయ్యి రాజేసి, అన్నకూ వదినకూ వాళ్ళ కొడుకు వెంకటరామన్‌కూ కాఫీ కాచి, పిడి ఉన్న తూక్కు గిన్నెలో చద్దన్నం సర్దుకుని, సంగు రెండోసారి ఊదేలోగా గేటు దాటేది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. రీలింగు సెక్షన్లో అందరూ ఆడవాళ్ళే. కండెల మీది నూలును చక్రాలకు చుట్టి చిలపలు తీస్తారు. ఏ పోగు తెగబోతుందో పాపమ్మాళ్‌కు ముందే తెలిసిపోయేది. మనుషుల విషయంలో కూడా అంతేనని ఆమె నమ్మకం.

ఆమెది అనుమానపు పుట్టుక. పాలవాడు నవ్వితే చెంబులో వేలు ముంచి చూసేది. పూలమ్మి ఒక మూర కొసరు వేస్తే దండంతా తిరగేసి వాడిన మొగ్గలకోసం వెతికేది. పెళ్ళైన రెండో ఏడే మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన రోజున, "ఇది నీ ఇల్లే అనుకో" అని వదిన అంటే, అనుకోవడం దేనికి, కాదా ఏమిటి, అని వారం రోజులు ఆలోచించింది. ఈ లోకంలో ఆమె అనుమానించని మనిషి ఒక్కడే, అన్న అయ్యాసామి. అదే మిల్లులో మేస్త్రీ. ఆమెను రీలింగులో చేర్పించింది కూడా అతనే.

ఇప్పుడు ఆ ఒక్కడి మీదికీ వచ్చిపడింది అనుమానం.

రీలింగుకు కొత్త మిషన్లు వస్తున్నాయి. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళను తీసేస్తున్నారు. 'నా ఇష్టప్రకారమే పని మానుకుంటున్నాను' అని తమిళంలో అచ్చేసిన కాయితం ఒక్కొక్కరి చేతికీ ఇచ్చారు. సోమవారంలోగా సంతకాలు కావాలి. పాపమ్మాళ్ పెడితే మిగతా ఇరవై ఒక్కరూ పెడతారు, ఆమె పెట్టకపోతే ఒక్కరూ పెట్టరు. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు. తీసేసేవాళ్ళ పేర్లు రాసిచ్చింది ఎవరో మేస్త్రీయేనని సెక్షనంతా గుసగుసలు.

"పేర్లు ఎవరిచ్చిరన్నా?" అని పాపమ్మాళ్ అడిగింది.

"నేనియ్యలేదు" అన్నాడు అయ్యాసామి, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ.

నువ్వా అని ఆమె అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ సామెత ఊరికే పుట్టిందా? అరచేతిలో కర్పూరం వెలిగించి ఆర్పి ప్రమాణం కూడా చేశాడు. ఆమె నమ్మలేదు, అతను పెట్టమన్నా సంతకమూ పెట్టలేదు.

శుక్రవారం సాయంత్రం అతను రెండు టికెట్లు తెచ్చాడు.

"అమ్మిణీ, ఆదివారం కొండబండిలో కూనూరుదాకా పోయొస్తాము."

"ఏంటికి?"

"ఏంటికేంటి? నువ్వు టాకీసులో ఏడు తడవలు చూసిన పాట ఆడనే దా తీసిరి. ఆ చోట్లంతా నేరుగా చూస్తువు."

పక్కనే ఉన్న మరుదమలై గుడికైనా ఎన్నడూ చెల్లెల్ని పిలుచుకుపోని మనిషి ఇప్పుడు సినిమా కొండలు చూపిస్తాడట. అదీ ఆ బండిలో. ఆ బండి సంగతి కోయంబత్తూరు జిల్లాలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

సంగతి పెద్దదేమీ కాదు. మెట్టుపాళయం నుంచి కొండెక్కే ఆ ఆవిరి బండిని పెట్టుకుని సినిమావాళ్ళు ఏళ్ళ తరబడి పాటలు తీశారు. హీరో పెదవి తప్పు కదిపితే బండిని వెనక్కి దింపి మళ్ళీ ఎక్కించేవాళ్ళు. హీరోయిన్ ఏడుపు నమ్మేట్టు లేకపోతే మళ్ళీ వెనక్కి. తిరిగి తిరిగి బండికి అదే అలవాటైపోయింది. కల్లారు స్టేషను దాటి, బండి జారకుండా పట్టాల మధ్య వేసిన పళ్ళపట్టా మీదికి ఎక్కాక, పెట్టెలో ఎవరైనా ఎదుటి మనిషి బతుక్కు సంబంధించి అబద్ధమాడితే, బండి ఆగిపోతుంది. ఒక మలుపు వెనక్కి దిగి మళ్ళీ వస్తుంది. సరిగ్గా చెప్పేదాకా అదే తంతు. టీ బాగుంది, చీర బాగుంది లాంటి మర్యాద అబద్ధాలను అది పట్టించుకోదు. అందుకే కూనూరు స్టేషన్లో బండి వచ్చే వేళను సుద్దముక్కతో రాస్తారు. పెళ్ళి సంబంధాలు కుదిర్చే తరగర్లు బస్సులో పోతారు. ఎలక్షన్లకు నిలబడేవాళ్ళు కారులో పోతారు.

అటువంటి బండిలోకి అన్న తనంతట తానే రమ్మంటున్నాడు. పాపమ్మాళ్‌కు రెండు రోజులు అన్నం సయించలేదు. తప్పు చేసినవాడు ఆ బండి ఎక్కడు. ఎక్కుతున్నాడంటే చేయలేదన్న మాట. చేయలేదంటే, తండ్రి లాంటి మనిషిని తను అన్యాయంగా అనుమానించింది. లేదూ, ఇందులో ఇంకేదో మతలబు ఉంది. ఎటు తిప్పినా కొస దొరకలేదు.

"సరే అన్నా" అంది చివరికి. "పేర్లియ్యలేదన్న ఆ మాటే బండిలో చెప్పు. బండి నిలవకుంటే ఆడనే సంతకం పెట్టి ఇస్తాను."

"అట్లనే" అన్నాడు అయ్యాసామి. మరీ తొందరగా అన్నాడు.

ఆదివారం పొద్దున మెట్టుపాళయంలో కొండబండి ఎక్కారు. చెక్కపెట్టెలు, నీలం రంగు. ఇంజను వెనకనుంచి తోస్తుంది. పెట్టె ముందున్న చిన్న వసారాలో బ్రేకు చక్రం పట్టుకుని, చంకలో జెండా పెట్టుకుని తంగవేల్ అనే బ్రేకుమాన్ నిలబడ్డాడు. ఎదుటి బల్ల మీద కారమడై నుంచి వచ్చిన సెల్లమ్మాళ్ అనే ముసలావిడ జామకాయల బుట్టతో కూర్చుంది. ఆ పక్కన ప్లాస్కు పట్టుకుని కొత్త మొగుడూ పెళ్ళాలు. అబద్ధమాడాల్సి వస్తుందేమోనని భయం కాబోలు, ఇద్దరూ నోరు మెదపడంలేదు.

పోకతోటలు వెనకబడ్డాయి. కల్లారులో పళ్ళచక్రం కటకటమని పట్టాను అందుకుంది. అయ్యాసామి హాయిగా కాళ్ళు చాపుకున్నాడు. అతని ధైర్యం ఎక్కడిదో నేను ఇప్పుడే చెప్పేస్తాను, దాచుకోవడం నాకు చేతకాదు.

కోయంబత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో అయ్యాసామి లాంటి తెలుగువాళ్ళకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. అంగడిలో బేరం ఎక్కడ తెంచాలో పెళ్ళానికి చెప్పాలంటే తెలుగు. వచ్చిన చుట్టం ఎప్పుడు లేస్తాడో తెలియకపోతే తెలుగు. కొన్ని వందల ఏళ్ళుగా ఆ భాషలో పెట్టి తాళం వేసిన మాట బయటికి పోదని వాళ్ళ ధీమా. బండి దగ్గర సినిమాలు తీసింది తమిళంలో, హిందీలో. డైరెక్టర్లు అరిచింది ఇంగ్లీషులో. తెలుగు పాట కూడా ఒకటి తీశారేమో అని అతనికి దిగులు పుట్టింది గానీ, ఆ తెలుగు వేరు, తమ ఇంటి తెలుగు వేరు. తెలుగులో అబద్ధమాడితే బండికి తెలియదు. బండి ఆగకపోతే చెల్లెలు నమ్ముతుంది. ఇలా లెక్క వేసుకున్నాడు మేస్త్రీ. మనవాడి తెలివిని మెచ్చుకోవలసిందే.

ఒక మలుపులో సినిమావాళ్ళు వదిలేసిపోయిన సున్నపు గుడి కనిపించింది. గోపురం అట్టది, లోపల దేవుడు లేడు. సెల్లమ్మాళ్ దండం పెట్టింది. పక్కన జలపాతం, దాని కింద మంచు. "పాటలో ఆ పిల్ల తడిసింది ఈడ దా" అంది పాపమ్మాళ్ తనను తాను మరిచిపోయి. తర్వాత గుర్తొచ్చి అన్నవైపు తిరిగింది.

"చెప్పన్నా."

అయ్యాసామి ఆమె కళ్ళలోకి చూశాడు. శుభ్రమైన ఇంటి తెలుగులో, "సత్యంగా చెప్తుండాను అమ్మిణీ. నీ పేరు నేనియ్యలేదు" అన్నాడు.

బండి ఆగలేదు. ఒక సొరంగం వచ్చింది, చీకట్లో అలాగే ఎక్కింది. వెలుతురులోకి వచ్చేసరికి పాపమ్మాళ్ కళ్ళ నిండా నీళ్ళు. అన్నను అనుమానించినందుకు ఆమె సిగ్గుపడింది. రవికలోంచి కాయితం తీసింది. అయ్యాసామి అప్పటికే పెన్ను మూత విప్పి పట్టుకున్నాడు.

అప్పుడు, ఆలోచించి తేల్చుకున్నట్టు, ఇంజను ఊపిరి వదిలింది. పెట్టె ఒక కుదుపుతో ఆగింది. నెమ్మదిగా వెనక్కి దిగడం మొదలుపెట్టింది.

"ఇంకెవరో అబద్ధమాడుంటారు" అన్నాడు అయ్యాసామి గబగబా, కొత్త జంటను చూస్తూ. మొగుడు పెళ్ళాన్ని చూశాడు. పెళ్ళాం మొగుణ్ణి చూసింది. పాపం, వాళ్ళు పొద్దుటినుంచీ మాట్లాడుకోనే లేదు. తంగవేల్ తలుపులోంచి తల పెట్టి, "ఎవరప్పా అది? సరిగ్గా చెప్పి ముగించండి. ఇంజన్లో నీళ్ళు అయిపోతాయి" అని తమిళంలో కేకేసి మళ్ళీ చక్రం పట్టుకున్నాడు.

మళ్ళీ గుడి వచ్చింది. సెల్లమ్మాళ్ మళ్ళీ దండం పెట్టింది. అయ్యాసామి ఈసారి గొంతు తగ్గించి, "నేనియ్యలేదు, ఎవరిచ్చిరో తెలియదు" అన్నాడు. బండి సొరంగం దాకా కూడా పోలేదు.

సెల్లమ్మాళ్ బుట్టను ఒళ్ళోంచి దించింది. "నాయినా, నీ మాటకు దా అది దిగుతుండాది. రెండు తడవలూ చూస్తిని" అంది, అచ్చం వాళ్ళ తెలుగులో.

అయ్యాసామి నోరు తెరుచుకునే ఉండిపోయింది. "మీకు మన భాష వచ్చునా?"

"కారమడైలో మా వీధంతా ఏం మాట్లాడుతుందనుకుంటివి?"

"మా ఇంట్లోనూ అదే దా అయ్యా" అన్నాడు తంగవేల్ వసారాలోంచి, తెలుగులో. కొత్త జంట కిటికీలోంచి బయటికి చూడసాగారు. బాగా అర్థమైనవాళ్ళు మాత్రమే చూసే చూపు అది.

"మనుషులకు సరే" అన్నాడు అయ్యాసామి నీరసంగా. "బండికెట్ల తెలిసె?"

"మా తాత ఈ కొండలో రాళ్ళు కొట్టినవాడు" అన్నాడు తంగవేల్. "ఆయన తిట్టిన తిట్లన్నీ మన భాషలో దా. బండి మొదట విన్నది దాన్నే. సినిమా భాషలంతా తరవాత."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ బండిలో వెనకడుగు మీద తెలుస్తుంది. పాపమ్మాళ్ కాయితాన్ని మడిచి పిడికిట్లో పెట్టుకుని అన్ననే చూస్తూ కూర్చుంది.

మూడోసారి గుడి దగ్గర అయ్యాసామి అన్నాడు, "ఇచ్చింది నేను దా. నీ పేరు విడిచిపెడితే చెల్లెల్ని కాపాడుకున్నాడని మిగిలినవాళ్ళు అంటారని ఇస్తిని." బండి కొంచెం తటపటాయించి, మళ్ళీ దిగింది.

"అది కూడా కాదంట" అంది సెల్లమ్మాళ్.

నాలుగోసారి అతను చెల్లెలివైపు చూడలేదు. తువ్వాలుతో మొహం కప్పుకుని అందులోకే చెప్పాడు.

"వెంకటరామన్‌ను ఆఫీసులోకి తీసుకుంటామనిరి. నీ పేరు మొదట ఉంటే ఎవరూ ఎదురాడరనిరి. నా కొడుకు కోసరం రాసినాను. మొదటి పేరు నీదే రాసినాను."

బండి పెద్దగా ఊపిరి పీల్చుకుని ఎక్కింది. గుడి పోయింది, జలపాతం పోయింది. పాటలో హీరోయిన్ పరిగెత్తిన వంతెన వచ్చి, కింద లోయంతా ఎండలో మెరిసి, అదీ పోయింది. పాపమ్మాళ్ చూడలేదు. అనుమానం నిజమైతే గెలిచినట్టు ఉంటుందని అనుకునేవాళ్ళు జీవితంలో ఎవరినీ సరిగ్గా అనుమానించి ఉండరు. అన్న అబద్ధమాడలేదని అనుకున్న ఆ సొరంగమంత చీకటిలో ఆమె ఎంత సుఖపడిందో ఆమెకే తెలుసు.

హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఇంజను నీళ్ళు తాగింది. అందరూ దిగి కాళ్ళు చాపుకున్నారు. అయ్యాసామి గ్లాసులో టీ తెచ్చి చెల్లెలి ముందు పట్టుకుని నిలబడ్డాడు. మిల్లులో అరవైమందిని అదిలించే మనిషి, ఆ గ్లాసు ఆమె అందుకునేదాకా చేయి దించలేదు. ఆమె తాగింది. బండి కదిలాక, పెట్టెలో అందరూ వినకుండా వింటున్నారని తెలిసి, మెల్లగా అంది.

"పోనీలే అన్నా. నా మనసులో ఏమీ లేదు."

బండి ఆగిపోయింది.

వెనక్కి దిగుతుంటే పెట్టెలో అన్ని తలలూ ఆమెవైపు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక ఆమె అందరినీ ఆ చూపు చూసిందే గానీ, ఆ చూపు ఆమె మీద పడటం అదే మొదటిసారి. చెవులదాకా ఎర్రబడింది.

"నువ్వు కూడానా తల్లీ?" అంది సెల్లమ్మాళ్.

పాపమ్మాళ్ ఖాళీ గ్లాసును బల్ల మీద పెట్టింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"ఉండాది. నా మనసులో కోపం ఉండాది. ఎన్నాళ్ళు ఉంటుందో నాకే తెలీదు. నీ చేత్తో అన్నం పెట్టి, అదే చేత్తో నా పేరు రాస్తివి. ఈ కాయితంలో నేను సంతకం పెట్టను. రేపు గేటు దగ్గర నిలబడి ఇరవై ఒక్కరికీ, పేర్లిచ్చింది మా అన్న అని నేనే చెప్తాను. వాళ్ళనూ పెట్టొద్దంటాను."

బండి ముందుకు కదిలింది. అయ్యాసామి తల ఊపాడు. చెప్పు అన్నట్టుగా ఊపాడో, వద్దన్నట్టుగా ఊపాడో తెలియలేదు. రేపటినుంచి మిల్లులో తన బతుకు ఏమవుతుందో అతనికి అర్థమైంది. కొడుకు ఉద్యోగం ఏమవుతుందో కూడా అర్థమైంది. వెంకటరామన్ అతనికి ఒక్కగానొక్క కొడుకు. తల్లి జబ్బుతో మంచాన ఉన్న మూడేళ్ళూ మేనత్త పాపమ్మాళ్ చంకలో పెరిగినవాడు. పందొమ్మిదేళ్ళు వచ్చినా ఇప్పటికీ అత్త కలిపి పెడితేనే రెండో ముద్ద తింటాడు.

"అన్నా" అంది పాపమ్మాళ్, చాలాసేపటికి. ఇప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నన్ను అడిగుంటే అయిపోయేది కదా. ఆ పిల్లోడి కోసరం నేనే మానుకుని ఉందును. ఒక మాట అడిగుంటే చాలు."

అయ్యాసామి రెండు చేతులతో బల్లను గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు ఆగుతుంది, ఈ మలుపులో వెనక్కి దిగుతుంది అనుకున్నాడు. ఈ ఒక్క మాట అబద్ధం కావాలని కారమడై రంగనాథుడికి మొక్కుకున్నాడు. చక్రాల చప్పుడుకు చెవులు రిక్కించి కూర్చున్నాడు.

బండి ఆగలేదు. రన్నీమేడ్ దాటింది, కాటేరి దాటింది. సుద్దముక్కతో రాసిన వేళకు గంటన్నర ఆలస్యంగా, కానీ మరెక్కడా వెనక్కి దిగకుండా, కూనూరు చేరింది.