పేలుళ్లాయనకి మొదటి స్థానం

బాబాయ్ తన మొదటి ఓటు పేలుళ్లాయనకి వేస్తున్నానని చెప్పగానే ఫోన్లో అందరూ గొల్లున నవ్వారు. నాకు మాత్రం భయం పట్టుకుంది.

ముందు మేమెవరమో చెప్పాలి. జపాను వాళ్ల అనిమే సినిమాలంటే పడిచచ్చే ఏడుగురం. నడివయసు దాటినవాళ్లమూ ఉన్నాం, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఎనిమిదేళ్ల కిందట మా ఊరి సినిమా హాల్లో వారం రోజులపాటు ఆ సినిమాలు ఆడినప్పుడు, నోటీసు బోర్డు మీద ఎవరో ఒక ఫోన్ నంబరు అంటించి, కింద "వాదించుకోవడానికి రండి" అని రాశారు. ఆ రాసింది బాబాయే. అప్పట్నుంచీ ఏటా ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి అందరం ఫోన్లో చేరి, మా అభిమాన దర్శకుల్ని ఒకటి నుంచి పది దాకా వరసలో నిలబెడతాం. జపాను పేర్లు మా నోళ్లలో పడి నలిగిపోతుంటే చూడలేక వాళ్లకి మేమే పేర్లు పెట్టుకున్నాం. వంటింటాయన, పేలుళ్లాయన, వానాయన, ఇలాగ.

మా పేర్లూ ఆ బాపతే. కట్టుడు పళ్లు తయారుచేసే పని కాబట్టి నేను పళ్లక్కని. బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ ఉంది. సిటీ బస్సు నడిపే డ్రైవరున్నాడు. బాబాయ్ అన్నదీ మేం పిలుచుకునే పేరే, చుట్టరికం కాదు. ఎవరూ అసలు పేరు చెప్పకూడదు, అడ్రసు చెప్పకూడదు, మొహం చూపించకూడదు. ఇది బాబాయ్ పెట్టిన రూలు. మొహాలు తెలిస్తే మొహమాటం వస్తుందనీ, ఇక ఎవరూ మనసులో మాట అనరనీ ఆయన భయం. అందుకే ఎనిమిదేళ్లుగా పీకలదాకా పోట్లాడుకున్నా, బాబాయ్ ఏ వీధిలో ఉంటాడో మాలో ఒక్కరికీ తెలియదు.

బాబాయ్‌కి వంటింటాయనంటే ప్రాణం. ఆయన సినిమాల్లో ఒకావిడ వంట చేస్తూ ఉంటుంది, అంతకుమించి ఏమీ జరగదు. బాబాయ్ మాత్రం ఒక్కో సినిమా పాతికసార్లు చూశాడు. పేలుళ్లాయన పేరెత్తితే అగ్గి మీద గుగ్గిలం. ఆయన రెండో సినిమాలో వంతెన కూలేటప్పుడు నీడలు సూర్యుడి వైపే పడతాయట. ఆ దిక్కుమాలిన నీడలతో బాబాయ్ మమ్మల్ని ఏటా గంటసేపు చావగొట్టేవాడు.

అలాంటి మనిషి ఆ ఆదివారం మా ఓట్లు చదువుతూ నాలుగో స్థానం మూడుసార్లు చదివాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాం. నేను లాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి, మైనం దిమ్మ మీద ముందు పళ్లు ఆరూ అమరుస్తున్నాను. ఆ తర్వాత బాబాయ్ తన ఓటు చెప్పాడు. డిపోలో భోజనం గంటలో ఉన్న డ్రైవరు పేలుళ్లాయన వీరాభిమాని. ఎనిమిదేళ్లకి బాబాయ్‌కి బుద్ధొచ్చిందని పండగ చేసుకున్నాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. నా చేతిలో పన్ను జారి ఎటో పోయింది.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా అమ్మ నన్ను పెద్దమ్మ పేరుతో పిలిచి, కడిగిన పళ్లేన్నే మళ్లీ మళ్లీ కడిగింది. ఇంటిల్లిపాదీ నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. సాయంత్రానికి అమ్మకి మాట పోయింది, వారం తిరిగేసరికి అమ్మే పోయింది. నవ్వకుండా ఉంటే బతికేదేమోనన్న ఆలోచన నన్ను ఒక్కరోజు కూడా వదల్లేదు.

నవ్వులన్నీ దాటుకుని నేను గట్టిగా అడిగాను. "బాబాయ్, ఆ వంతెన నీడల సంగతేంటి మరి?"

"బాగుంటాయమ్మా," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "అన్నీ బాగుంటాయి."

బాబాయ్ నోట అన్నీ బాగుంటాయన్న మాట వినడం కంటే నన్ను ఆయన చెడతిట్టినా సంతోషించేదాన్ని. రెండు చేతులూ పైకెత్తమన్నాను. ఎందుకని అడగలేదు.

"నా ఒళ్లో ఎవరిదో చెయ్యి ఉందమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఎవరిదో మరి. చాలా బరువుగా ఉంది."

అప్పుడు ఆగింది నవ్వు. అది ఆయన ఎడం చెయ్యే. తన చెయ్యి తనదని తెలియడం లేదు. పక్షవాతం, నిమిషాల మీద పని అని నేను అరుస్తుండగానే టీచరమ్మ ఇంట్లో ఇంకో ఫోన్ అందుకుని అంబులెన్సుకి కలిపింది. వాళ్లు మొదట అడిగేది ఒకటే కదా, అడ్రసు. ఆవిడ మమ్మల్ని అడిగింది. మేం బాబాయ్‌ని అడిగాం.

"రూలు," అన్నాడు బాబాయ్.

బతిమాలాను. ఏడ్చాను. ఆ రూలు పెట్టినందుకు నోటికొచ్చినట్టు తిట్టాను. "రూలు తప్పకూడదమ్మా," అన్నాడు, చంటిపిల్లకి చెప్పినట్టు. తర్వాత కుర్చీ పడ్డ చప్పుడు, ఇంకేదో బరువుగా పడ్డ చప్పుడు. ఆపైన ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆ ఊపిరి కూడా గరగరమంటోంది.

ఏం చెయ్యాలో తోచక గుంపంతా ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టింది. పోలీసులకి చెబుదామని ఒకరు, ఫోన్ కంపెనీకి చెబుదామని ఒకరు. ఆదివారం ఎవడెత్తుతాడని ఇంకొకరు. ఆ గోల మధ్యలో డ్రైవరు అందరినీ నోరు మూసుకోమన్నాడు. రెండేళ్ల కిందట వానాయన సినిమాలో వాన చప్పుడు గొప్పగా ఉందని అతనంటే, బాబాయ్ విరుచుకుపడ్డాడట. "రేకుల మీద వాన గురించి నాకు చెబుతావా? నా కిటికీ కిందే బస్ డిపో రేకుల షెడ్డుంది" అన్నాడట. తను ఓడిపోయిన వాదన కదా, డ్రైవరుకి మాట మాటా గుర్తుంది.

ఊళ్లో డిపోలు మూడున్నాయి. ఏ డిపోయో ఎలా తెలియాలి? డ్రైవరే చెప్పాడు. తను ఉన్నచోట హారన్ మూడుసార్లు కొడతాడు. మిగతా రెండు డిపోల్లోనూ తన స్నేహితులున్నారు, వాళ్లచేత ఒకరి తర్వాత ఒకరిని కొట్టిస్తాడు. ఏది కొడుతున్నదీ నాకు మెసేజి పెడతాడు. బాబాయ్ ఫోన్లో అది వినపడుతుందా లేదా నేను వినాలి.

అందరూ మైకులు ఆపేశారు. బాబాయ్ ఫోనొక్కటే తెరిచి ఉంది. నేను లేచి కిటికీలు మూశాను, ఫ్యాన్ కట్టేశాను, ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకుని బల్ల కింద కూర్చున్నాను. బల్ల కింద ఎందుకని అడిగితే చెప్పలేను. అక్కడైతే నా గుండె చప్పుడు కాస్త తగ్గుతుందేమోననుకున్నాను.

మొదటి డిపో అని మెసేజి వచ్చింది. ఊపిరి తప్ప ఏమీ లేదు. రెండో డిపో అన్నాడు. ఊపిరి, గడియారం టిక్కుటిక్కు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. మూడో డిపోలో స్నేహితుడు ఫోనెత్తడం లేదని రాశాడు. నేను ఊపిర్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. పదకొండు లెక్కపెట్టాక, ఎత్తాడు, కొడుతున్నాడు అని వచ్చింది.

ఎక్కడో దూరంగా, గోడల అవతల, మూడుసార్లు మోగింది.

నిజంగా విన్నానా, వినాలని ఉండి విన్నానా? తప్పు చోటికి పంపితే బాబాయ్ పోతాడు, ఆ పాపం నాది. డ్రైవరుకి రాశాను, ఈసారి ఐదుసార్లు కొట్టించమని. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. నేను బల్ల కిందనుంచి లేవబోయి నెత్తి కొట్టుకున్నాను, ఆ దెబ్బ నాకు సాయంత్రం దాకా తెలియలేదు.

టీచరమ్మ అంబులెన్సుకి ఆ డిపో పేరు చెప్పింది. షెడ్డు మీదికి కిటికీలున్న బిల్డింగ్ ఒక్కటే ఉందట, నాలుగంతస్తులు. అక్కడ హారన్ కొట్టిన స్నేహితుడూ ఇద్దరు మెకానిక్కులూ మెట్లెక్కి ఒక్కో తలుపూ బాదుకుంటూ పైకి పోతున్నారు. నా చెవిలో ఆ బాదుడు ముందు లీలగా, తర్వాత దగ్గరగా, చివరికి ఫోనే అదిరేలా వినపడింది. ఆ చప్పుడులో ఊపిరి వినపడటం మానేసింది. ఉందో లేదో తెలియదు. తలుపు విరిగింది. ఎవరివో అడుగులు. ఎవరో ఫోన్ తీసుకున్నారు.

"ఎవరండీ లైన్లో?" అంది పరాయి గొంతు. "ఈయనకి ఊపిరి ఉంది."

మూడో రోజు ఆసుపత్రికి వెళ్లనిచ్చారు. బాబాయ్‌ని అదే మొదటిసారి చూడటం. మా వృత్తి అలాంటిది, ముందు నోరే చూశాను. ఎడమవైపు పెదవి కొంచెం కిందికి జారింది, కింది వరసలో రెండు పళ్లు లేవు. ఫోన్లో ఆ గొంతు విని ఏనుగంత మనిషిని ఊహించుకున్నాను, తీరా చూస్తే దిండులో కూరుకుపోయేంత సన్నటి మనిషి. డాక్టరమ్మ సంబరంగా ఉంది. సమయానికి తెచ్చారంది. పేరు చెబుతున్నాడు, తారీకు చెబుతున్నాడు, చెయ్యి కూడా నిదానంగా వస్తుందంది.

డ్రైవరు యూనిఫాంలోనే వచ్చాడు. మంచం పక్కన నిలబడి, ఈ ఏడు మొదటి స్థానం వంటింటాయనకే ఇచ్చేద్దాం, నాకేం అభ్యంతరం లేదు అన్నాడు. ఎనిమిదేళ్లలో అతని నోట ఆ మాట రాలేదు.

"ఎవరికైనా పరవాలేదు బాబూ," అన్నాడు బాబాయ్, పైకప్పు వైపు చూస్తూ. "అన్నీ బాగుంటాయి."

బల్ల కింద కూర్చున్నప్పటికంటే ఇప్పుడు ఎక్కువ భయం వేసింది. డ్రైవరు నన్ను వరండాలోకి తీసుకెళ్లి, మనిషి దక్కాడు, అది చాలదా పళ్లక్కా అన్నాడు. చాలదన్నాను. అక్కడ పడుకున్నది మర్యాదస్తుడైన ఎవరో పెద్దమనిషి. నాకు మా బాబాయ్ కావాలి.

వెనక్కి వెళ్లి స్టూలు మంచానికి ఆనించి కూర్చుని వంటింటాయన్ని దుమ్మెత్తిపోశాను. అది సినిమానా అన్నాను. కథ లేదు, కాకరకాయ లేదు. ఒకావిడ నాలుగు నిమిషాలు బంగాళాదుంప తొక్క తీస్తూ కూర్చుంటుంది, కుడిచేత్తో కత్తి, ఎడంచేత్తో దుంప, దాన్ని తిప్పుతూనే ఉంటుంది, అదొక కళా అన్నాను. బాబాయ్ పైకప్పునే చూస్తున్నాడు. అయినా తిడుతూనే ఉన్నాను.

"కాదు," అన్నాడు.

"ఏది కాదు బాబాయ్?"

నుదుటి మీద గీత పడింది. దుప్పటి కింద ఏదో కదిలింది. ఒక వేలు, ఇంకో వేలు. ఎడం చెయ్యి పక్క మీదనుంచి జానెడు లేచి, వణుకుతూ, లేని కత్తిని పట్టుకోవడానికి చూసింది.

"ఎడమ," అన్నాడు రొప్పుతూ. "ఆవిడ... కత్తి పట్టేది... ఎడంచేత్తో. కుడి చెయ్యి ఎందుకు వాడదో... అదే కదా సినిమా అంతా." చెయ్యి దబ్బున పడిపోయింది. తల తిప్పి నన్ను చూశాడు, కళ్లెర్రజేసి. "అసలు చూశావా నువ్వు?"

"సగంలో నిద్రపోయాను బాబాయ్," అన్నాను. కళ్లనీళ్లు ఆగడం లేదు.

"సిగ్గులేదూ," అన్నాడు.