చెట్టు కింద సిగ్నల్

గీత కార్మికుడు ఇస్తారి పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. దుబాయి నుంచి అల్లుడు రమాకాంత్ పంపిన ఫోనును ఊరంతా చూపించుకుని తిరిగాడు. సిద్దిపేటలో ఫోన్ల దుకాణానికి పోతే, అది నడిపే శైలజ మాత్రం దాన్ని తిప్పి చూసి, మొహం మీదే చెప్పేసింది.

"ఇది బయటి దేశంల అమ్మేటిది కాకా. మీ ఊరికి టవర్ దూరం. అంత దూరం సిగ్నల్ అందుకునే బ్యాండు దీంట్ల లేదు. గా బ్యాండు ఉన్న ఫోను తీసుకోన్రి."

"అమ్ముకునేటోళ్లు గట్లనే అంటరు. నేను చెట్టెక్కితే దీంట్ల సిగ్నల్ నిండ చూపెడ్తది," అంటూ ఇస్తారి లేచాడు.

పక్కనే ఉన్న భార్య కొండవ్వకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిరుడు మరిది సిద్ధయ్య తాటిచెట్టు మీంచి పడి, పొద్దుగూకేదాకా అక్కడే ఉండిపోయాడు. మనుషులు చూసేసరికి చేతిలో ఫోను ఉంది, ప్రాణం లేదు. ఎన్నిసార్లు చేశాడో, ఒక్కటీ కలవలేదు.

తెల్లారి కొండవ్వ మొగుడికి అడ్డం నిలబడింది.

"చెట్టు మీద నువ్వు మంచిగనే ఉంటవు. కింద పడ్డంకనే గద ఫోనుతోటి పని. ఇయ్యాల దిగినంక చెట్టు కింద పండుకొని నాకు చెయ్యి. మోగితే ఇగ నోరెత్త."

"నీకు పిచ్చి లేసింది," అని నవ్వి, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని పోయాడు.

ఎండెక్కింది. ఫోను మోగలేదు. గెలిచానని కొండవ్వ మొదట సంబరపడింది. ఆ సంబరం కాసేపే. సిగ్నల్ లేక మోగలేదా, మనిషే పడిపోయాడా? ఎట్లా తెలుస్తుంది? ఈ పాడు పరీక్ష తనెందుకు పెట్టింది? తనే చేస్తే అందుబాటులో లేరంది. ఇక ఆగలేక, చెప్పులైనా తొడుక్కోకుండా తాటివనానికి ఉరికింది.

చెట్టు మొదట్లో ఇస్తారి వెల్లకిలా ఉన్నాడు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. దగ్గరికి పోతే కళ్లు తెరిచే ఉన్నాయి, వేలు ఫోను నొక్కుతూనే ఉంది.

"పడ్డవా?"

"పడలే, పండుకున్న. ఒక్కటన్న పోతదని నొక్కుతనే ఉన్న." ఇస్తారి లేచి కూర్చున్నాడు. "కాళ్లు చేతులు మంచిగున్న నాకే భయమైంది. తమ్ముడు గిట్లనే నొక్కుకుంట ఉన్నడు కావొచ్చు."

కొండవ్వ అక్కడే కూలబడి, అతని చేయి పట్టుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం సిద్దిపేటలో శైలజ ఫోన్లు వరసగా పేర్చి, కెమెరా ఎట్లాంటిది కావాలని అడిగింది.

"కెమెరా సంగతి ఇడిసిపెట్టు బిడ్డా," అన్నాడు ఇస్తారి. "చెట్టు కింద పడ్డోని మాట ఇంటికి చేరే ఫోనియ్యి."