నిలువు ఆరు, నాలుగో అక్షరం

ఉప్పుకాగితాన్ని చెక్కముక్కకు చుట్టి పట్టుకుని ఆయన లాంచీ క్యాబిను గోడ మీద చిన్న చిన్న సున్నాలు చుడుతున్నాడు. పాత రంగు పొడిపొడిగా రాలి చేతుల మీద, మీసం మీద, కనుబొమల మీద పడుతోంది. కిందటిసారి ఎవరో మహానుభావుడు ఈ అల్యూమినియం మీద ప్రైమరన్నది లేకుండానే తెల్లరంగు కొట్టేసి చేతులు దులుపుకుని పోయాడు. ఆ రంగు ఇప్పుడు ఎండకు కమిలిన వీపు మీది చర్మంలా పొరలుగా లేస్తోంది. ఒక పొర కింద గోరు దూర్చి లాగితే జానెడు పొడుగున ఊడి చేతిలోకి వచ్చింది.

“సిగ్గుండాలి,” అన్నాడు ఆయన, ఎదురుగా లేని ఆ మనిషితో.

కాసేపు రుద్దాక చెక్కముక్క పక్కన పెట్టి అరచేత్తో గోడను తడిమాడు. నున్నగా తగిలితే రంగు పట్టదని తల అడ్డంగా ఊపుతాడు, మళ్ళీ రుద్దుతాడు. పిల్లి నాలుకలా గరగరలాడితే “ఊఁ” అంటాడు. పడవల యార్డులో ఆయన పేరు అరచెయ్యి. అసలు పేరు హాజరుపట్టీలో క్షేమంగా ఉంది గాని దాంతో పిలిచిన పాపాన పోయినవాళ్ళు లేరు.

ఇనుమయితే నయం. తుప్పు పడితే ఎర్రగా పైకి తేలి తన బాధ తనే చెప్పుకుంటుంది. అల్యూమినియం గుట్టు మనిషి. తళతళలాడేలా రుద్దిన కాసేపటికే కంటికి కనపడని పొర ఒకటి కప్పుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ఆ పొర గట్టిపడ్డాక ఏ రంగు వేసినా ఏడాదిలో బుడగలే. అందుకని రుద్దడం, థిన్నరు గుడ్డతో తుడవడం, ప్రైమరు వెయ్యడం ఒకే ఊపులో జరిగిపోవాలి. మధ్యలో టీ అన్నా, ఫోనన్నా ఆయనకు వినపడదు. పదకొండు గంటలకల్లా క్యాబిను ఒక పక్క మొత్తం లేత పసుపుపచ్చ ప్రైమరు తొడుక్కుంది. ఇంక అది ఆరాక, మధ్యాహ్నం, తెల్లరంగు.

ఆ తెల్లరంగు దగ్గరే ఉంది చిక్కంతా. రెండేళ్ళుగా ఆయన కళ్ళలో శుక్లాలు ముదురుతున్నాయి. లోకమంతా పాలగిన్నె కడిగిన నీళ్ళలోంచి చూస్తున్నట్టుంటుంది. మెరిసే లోహం మీద ప్రైమరు ఎంతవరకు పడిందో చెయ్యి పెట్టకుండానే తెలుస్తుంది. లేత పసుపు మీద తెలుపు పడిందో లేదో మాత్రం ముక్కు ఆనించినా తెలియదు. తడి రంగును చేత్తో తడిమి చూసుకునే వీలు లేదు. ఆపరేషన్ చేయించుకుంటే పోతుందని డాక్టరు చెప్పాడు. నీళ్ళ మీద, రెండు నిలువుల ఎత్తున, బెత్తెడు బల్ల మీద నిలబడి ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి కంట్లో సూది అనేసరికి లేచి బయటికి వచ్చేశాడు. సంగతి మేస్త్రీకి తెలిస్తే ఒక దండ వేసి ఇంటికి పంపేస్తాడు. ఇంటి దగ్గర కూర్చుని ఏం చేయాలి? తలుపులకు ఎన్నిసార్లని రంగు వేస్తాడు?

పన్నెండు దాటాక ఆవిడ వచ్చింది. ఒక చేతిలో క్యారేజీ, చంకలో పేపరు. మెట్ల దగ్గర ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుని, దిమ్మెల మీద కూర్చోబెట్టిన లాంచీ కిందకు నడిచివచ్చింది.

“ముక్కుకు కూడా వేసుకున్నారా?”

“ప్రైమరేలే. పైపూత నువ్వు వేద్దువుగాని.”

ఆవిడ తన చేతిరుమాలును థిన్నరులో ముంచి ఆయన ముక్కు తుడిచింది. తుడిచేటప్పుడు ఆయన కళ్ళు మూసుకుని చిన్నపిల్లాడిలా మొహం పైకెత్తాడు.

వాళ్ళిద్దరి పరిచయమే ఒక తప్పుతో మొదలైంది. అప్పట్లో ఆయన బోర్డులు రాసేవాడు. ఒక అచ్చాఫీసుకు నిలువెత్తు అక్షరాలతో బోర్డు రాస్తుంటే, లోపల ప్రూఫులు దిద్దే అమ్మాయి బయటికి వచ్చి నిచ్చెన కింద నిలబడి చాలాసేపు చూసింది. తన పనితనానికి మురిసిపోతోందనుకున్నాడు ఆయన. “ముద్రణాలయంలో ‘ద’ కింద క్రారావడి ఎగిరిపోయిందండీ,” అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకు కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు ఆ రావడి దిద్దే వంకతో వెళ్ళాడు. ఆ మర్నాడు ఏ వంకా లేకుండా వెళ్ళాడు. పెళ్ళయ్యాక బోర్డుల పని పోయింది, ఆయన పడవల మీదకు వచ్చాడు. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్ది ఇంటికొచ్చింది. పిల్లలు లేరు. సాయంత్రాలు ఆవిడ పేపరు పైకి చదివేది, ఆయన వినేవాడు, అచ్చుతప్పు దొరికినప్పుడల్లా ఇద్దరూ కలిసి పేపరువాళ్ళను తిట్టేవాళ్ళు.

“కళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?” అంది ఆవిడ, ఆయన తింటుంటే.

“ఈ లాంచీ కానీ.”

“కిందటి పడవప్పుడూ ఇదే మాట.”

“అది వేరే పడవ.”

“నోరు మాత్రం ఏ పూతా లేకుండానే నిగనిగలాడుతోంది మీకు.”

ఆయన నవ్వాడు. తర్వాత అడిగాడు, “నీకేంటి, అలా ఉన్నావు? మెట్ల దగ్గర ఆగావు.”

“ఆగనివ్వండి. అరవై దాటాక మెట్లు ఎక్కువవుతాయి.”

“ఇంటికి పోయి పడుకో.”

“నేను పోతే మీ అచ్చుతప్పులు ఎవరు చూస్తారు?”

ఆయన బల్ల ఎక్కాడు. ఆవిడ ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకుని సరిగ్గా ఆయన కిందే కూర్చుని, గళ్ళనుడికట్టు ఉన్న పేజీ మడిచి పెన్సిలు తీసింది. కిటికీల మధ్య నిలువు పట్టీలకు ముందునుంచి వెనక్కి అంకెలు. కిటికీల పైనా కిందా పొడుగ్గా సాగేవి అడ్డాలు. అంచునుంచి ఎన్ని జానలయితే అన్ని అక్షరాలు. వినేవాళ్ళకు నుడికట్టు అనిపించేలా ఈ ఏర్పాటు చేసింది ఆవిడే.

“నిలువు రెండు,” అంది కాసేపటికి, పేపరులోకి చూస్తున్నట్టే. “మూడో అక్షరం పడలేదండీ.”

ఆయన రెండో పట్టీ దగ్గరికి జరిగి, మూడు జానలు కొలుచుకుని, బ్రష్షు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగాడు.

“పడిందా?”

“ఆఁ. పడింది.”

అటుగా పోతున్న మేస్త్రీ ఆగాడు. యార్డంతటికీ పెద్దయినా, ఆయనకన్నా పాతికేళ్ళు చిన్నవాడు. “పిన్నీ, ఎక్కడ ఆగింది? నేనేమైనా సాయం పట్టనా?”

“అడ్డం ఒకటి నాయనా. ‘మొగుడి చెవికి ఎక్కనిది’. మూడక్షరాలు.”

మేస్త్రీ గెడ్డం గోక్కున్నాడు. “సలహా!”

“బాబూ, నువ్వు బాగుపడతావు.”

“అడ్డం ఒకటా?” అన్నాడు పైనుంచి ఆయన. అడ్డం ఒకటంటే పై పట్టీ. మూడు జానల దగ్గర బ్రష్షు పెట్టి లాగాడు. మేస్త్రీ తల వంచుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎండ వాలింది. నీటి మీదనుంచి గాలి మొదలైంది. రంగు బాగా పరుచుకుంటోంది. బ్రష్షు లాగుతుంటే గోడ ఎదురు చెప్పడం లేదు. ఇలాంటి రోజు నెలకొకటి వస్తుంది. ఆయన పాత పాటొకటి ముక్కుతో పాడుతూ అయిదో పట్టీ ముగించాడు.

“నిలువు అయిదు నిండిందండీ,” అంది ఆవిడ. గొంతు మెల్లగా వచ్చింది. “చాలా బాగుంది.”

మెచ్చుకోవడం ఆవిడ అలవాటు కాదు. ఆయన కొంచెం పొంగిపోయి ఆరో పట్టీ మొదలుపెట్టాడు, తర్వాత ఏడు. “ఏమైనా ఉందా?” అని అడిగాడు. కింద పేపరు రెపరెపలాడింది. ఆవిడ పలకలేదు. ఏమీ లేదన్నమాట. రెండేళ్ళలో మొదటిసారి ఒక్క తప్పయినా లేకుండా రెండు పట్టీలు వేశాడు. ఆ సంతోషంతోనే ఎనిమిది కూడా పూర్తి చేసి, బ్రష్షు థిన్నరులో జాడించి, గుడ్డతో పిండి, నడుం పట్టుకుని కిందకు దిగాడు.

“ఏమోయ్, చూశావా? ఒక్కటీ పట్టలేకపోయావు.”

ఆవిడ దిమ్మెకు ఆనుకుని కూర్చుని ఉంది. నిద్రపోతోందనుకున్నాడు. పెన్సిలు ఒళ్ళో పడి ఉంది. భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత నుదుటి మీద. తర్వాత ముక్కు దగ్గర చాలాసేపు అలాగే పెట్టి ఉంచాడు. ఆ చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఇప్పుడు తప్పయితే బాగుండుననుకుంటూ ఇంకా కాసేపు పెట్టి ఉంచాడు. పక్కనున్న ఖాళీ డబ్బా తీసి లాంచీ అడుగుకేసి కొట్టాడు, యార్డులోవాళ్ళు పరుగెత్తుకొచ్చేదాకా.

గుండె అన్నారు. నొప్పి తెలిసి ఉండదన్నారు.

మూడో వారంలో మేస్త్రీ ఇంటికి వచ్చాడు. ఆవిడ చేతిసంచి ఆయన ఒళ్ళో ఉంది. అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తడిమి పక్కన పెడుతున్నాడు. ఒక కాగితం అందించి, “ఇదేంటో చూడు నాయనా, చిన్నక్షరాలు,” అన్నాడు.

మేస్త్రీ చదివాడు. కళ్ళాసుపత్రి చీటీ. ఆయన పేరు మీద ఆపరేషన్‌కు తారీఖు తీసుకుని ఉంది. వచ్చే మంగళవారం. కింద పెన్సిలుతో ఆవిడ రాసుకుంది: ‘ముందురోజు దాకా చెప్పకూడదు.’

ఆయన సంచిలోంచి తీసినవన్నీ ఒక్కొక్కటే మళ్ళీ లోపల పెట్టాడు.

“లాంచీ దింపేశారా?” అన్నాడు చివరికి.

“లేదు బాబాయ్.” మేస్త్రీ చీటీని మడిచి ఆయన చేతిలో పెట్టాడు. నేలవైపు చూస్తూ మెల్లగా అన్నాడు, “నిలువు ఆరు. నాలుగో అక్షరం పడలేదు.”

ఆయన మొహం అతనివైపు తిప్పాడు. “నీకు తెలుసా?”

“రెండేళ్ళుగా నేనూ ఆ నుడికట్టే పూరిస్తున్నాను బాబాయ్. పిన్ని చెప్పనివి ఏమైనా మిగిలితే మీరు వెళ్ళాక నేను వేసేవాణ్ణి. ఏడాదంతా కలిపితే రెండో మూడో దొరికేవి.”

“మరి ఇదెందుకు వెయ్యలేదు?”

“చెయ్యి రాలేదు.”

మంగళవారం మేస్త్రీయే తీసుకువెళ్ళాడు. సూది చూసి ఆయన మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు, కందిపోయేంత గట్టిగా. అయినా కదలకుండా పడుకున్నాడు. మొదట ఒక కన్ను, కొన్నాళ్ళు ఆగి రెండోది.

కట్లు విప్పాక డాక్టరు ఒప్పుకున్న మొదటి రోజునే యార్డుకు వచ్చాడు. దూరంనుంచే లాంచీ కనిపించింది, మేస్త్రీ దాన్ని ఇంకా దిమ్మెల మీదే ఉంచాడు. ఇంత తెల్లగా ఉంటుందని ఆయనకు తెలియదు. దగ్గరికి వచ్చి పట్టీ పట్టీ చూసుకున్నాడు. ఒకటినుంచి అయిదు దాకా ఎక్కడా గీత లేదు, కారిన చారిక లేదు. ఆరో పట్టీలో నాలుగు జానల కింద అరచేతి వెడల్పున లేత పసుపు మచ్చ. దాన్ని అలాగే ఉంచేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఉంచితే నీళ్ళు చేరతాయి, ఏడాదిలో బుడగలొస్తాయి, ఎవడో వచ్చి గోరు దూర్చి సిగ్గుండాలంటాడు. ఉప్పుకాగితం తీశాడు. రుద్ది, తుడిచి, ప్రైమరు వేసి, ఆరేదాకా అక్కడే నిలబడి, తెలుపు వేశాడు. బ్రష్షు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ఎక్కడ వేశాడో ఇక ఎవరికీ తెలియదు.

బల్ల దిగుతూ కిందకు చూశాడు. ఆవేళ ఆవిడను ఎత్తుకుపోయిన తొందరలో కాలినుంచి జారిన చెప్పులు, ఎవరో తీసి దిమ్మె మీద పక్కపక్కనే పెట్టారు. ఆయన వంగి చేతిలోకి తీసుకున్నాడు. గోధుమరంగు చెప్పులని ఎప్పుడూ అనుకునేవాడు. వాటి మీద నిప్పులార్పే పడవ ఎరుపుంది, ఇసుక తోడే పడవ నీలముంది, పైలట్ పడవ నారింజ ఉంది. రెండేళ్ళపాటు ఆయన బ్రష్షునుంచి రాలిన చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఎండి ఉన్నాయి. అన్నిటికన్నా పైన, కుడి చెప్పు పట్టీ మీద, తెల్లచుక్క ఒకటి ఇంకా నిగనిగలాడుతోంది.