గాజుల చెయ్యి

ఆ ఫోటోను పదకొండు నెలలుగా నేను చూడలేదు. చూడకుండా ఉండటం సులభం కాదు. మొదటి వారమంతా పత్రికల మొదటి పేజీల్లో అదే. తరువాత ఫోన్లలో, ఫ్లెక్సీల మీద, రేణిగుంట రోడ్డులో కార్మిక సంఘం వాళ్ల గోడ మీద. నేను పనిచేసే పాకాల హైస్కూల్లో పిల్లలు దాన్ని గోడపత్రికకు అతికించారు. హెడ్మాస్టరు చూసి తీయించే దాకా, మూడు రోజులు, నేను ఆ వరండాలో నడవకుండా గ్రౌండు చుట్టూ తిరిగి క్లాసుకు వెళ్లాను.

చూడకపోయినా అందులో ఏముందో తెలుసు. అందరూ చెప్పుకునేదే. గోడౌను గోడకు ఎత్తున ఒక చిన్న కిటికీ. లోపలి నుంచి నల్లటి పొగ. ఇనుప కమ్మీల మధ్య నుంచి ముంజేయి దాకా బయటికి వచ్చిన ఒక చెయ్యి. ఆ చేతికి రెండు ఆకుపచ్చ గాజులు. కిటికీ కింద పక్కగా షట్టరు, షట్టరుకు బయట వేసిన తాళం.

పోయిన ఏడాది మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, రేణిగుంట దగ్గర ఆ గోడౌను తగలబడింది. ఆరుగురు పోయారు, ఆడో మగో గుర్తుపట్టలేనంతగా కాలిపోయి. వాళ్లలో ఒకడు మా తమ్ముడు బాలచంద్ర. వాడికి ఇరవై ఆరేళ్లు.

సరుకు బయటికి పోతుందని పనివేళల్లో కూడా బయట తాళం వేసేవారట. ఆ ఫోటో వచ్చేదాకా ఈ సంగతి ఎవరూ రాయలేదు. వచ్చాక యజమానిని అరెస్టు చేశారు. అధికారులు ఊరూరా గోడౌన్లు తిరిగి తాళాలు తీయించారు. తిరుపతిలో ఆడవాళ్లు వందలమంది గాజుల చేతులెత్తి ఊరేగింపు చేశారు. ఎవరి తల్లి ఈమె, ఎవరి చెల్లెలు అని పత్రికలు రాశాయి. ఆ ఫోటోకు గాజుల చెయ్యి అనే పేరు నిలిచిపోయింది.

నేను సోషల్ చెప్తాను. ఫోటోల గురించి పందొమ్మిదేళ్లుగా పిల్లలకు చెప్తూనే ఉన్నాను. బాంబులకు ఒళ్లు కాలి రోడ్డు మీద ఏడుస్తూ పరుగెత్తే వియత్నాం పాప. భోపాల్లో మట్టిలో సగం పూడ్చిన పసివాడి ముఖం. వీటిని చూసి జనం ఏమన్నారు, ప్రభుత్వాలు ఏం చేశాయి అని అడిగేవాణ్ణి. పిల్లలు బాగా జవాబు రాసేవాళ్లు. ఆ పసివాడి ఇంట్లో వాళ్లు ఆ ఫోటోను ఎట్లా చూసి ఉంటారని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఏప్రిల్లో ఒంటిపూట బడి అయిపోయి పిల్లలు వెళ్లిపోయాక మునస్వామి వచ్చాడు. ఆ ఫోటో తీసిన విలేకరి. సన్నగా, కళ్ల కింద నలుపుతో ఉన్నాడు. గురువారం తిరుపతి కోర్టులో వాయిదా ఉందన్నాడు. యజమాని తరఫు ప్లీడరు కొత్త మాట ఎత్తాడట. ఆ రోజు హాజరు పట్టీలో ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదు, కాబట్టి ఆ చెయ్యి ఈ గోడౌనుది కాదు, ఆ తాళమూ ఈ గోడౌనుది కాదు, ఫోటో ఎక్కడిదో తెచ్చి పెట్టారు అని. ఫోటో చెల్లకపోతే అది తీసినవాడి మాటా చెల్లదు, తాళం వేసిన సాక్ష్యమే లేదు.

"ఆ సేతికి ఒక పేరు కావాల సార్," అన్నాడు మునస్వామి. "అన్నం క్యారియరు ఇయ్యడానికి ఎవురన్నా ఆడమనిషి లోపలికి పోయిందేమో. మీ తమ్ముడు ఎప్పుడన్నా సెప్పినాడా?"

నేను లేదన్నాను. అది అబద్ధం కాదు.

 నేను అడగకుండానే అతను ఇంకో మాట చెప్పాడు.

"ఫోటో తీసే బదులు తాళం పగలగొట్టుండొచ్చు గదా అంటాండారు సార్ జనం. నేను దూరంగా రోడ్డు మీద ఉండా. మూడు ఫోటోలు తీసి, రాయి ఎత్తుకోని ఉరికినా. మొదటి ఫోటోకూ మూడోదానికీ నిమిషమున్నర. నేను ఆడికి పోయేసరికి సెయ్యి లేదు."

నిమిషమున్నర అన్న మాట వినగానే లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. అతను ఒక కవరు టేబులు మీద పెట్టి, వీలైతే చూడమని చెప్పి వెళ్లిపోయాడు. నేను దాని మీద అట్లాసు పెట్టాను. దాని మీద ఇంకో అట్లాసు పెట్టాను.

మునస్వామి వెతుకుతున్న ఆడమనిషి లేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పోయిన మేలో అది గంగమ్మ జాతర వారం. మా తిరుపతిలో మగవాళ్లు మొక్కుకుని చీర కట్టి, గాజులు తొడిగి, అమ్మవారి దగ్గరికి పోతారు. బాలచంద్రకు చిన్నప్పుడు విషజ్వరం వస్తే అమ్మ మొక్కుకుంది. ఆ ఆదివారం వాడు చీర కట్టాడు. మరునాడు, గోడౌను తగలబడిన రోజు, పొద్దున పనికి పోతూ గాజులు తీయబోతే, జాతర అయ్యేదాకా తీయొద్దని అమ్మ అంది. పనిలో నవ్వుతారంటే, నవ్వితే నవ్వనీ అంది. వాడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని పోయాడు. లోపలి ఉక్కకు ఆ చేతులు పైకి మడిచి ఉంటాడు.

ఫోటోలో గాజులున్నాయని మొదటి రోజే విన్నాను. ఆడమనిషి చెయ్యి అని లోకమంతా అంటుంటే నేను కాదనలేదు. ఆ మాట చాటున పదకొండు నెలలు దాక్కున్నాను. పొగ తగిలిన మరుక్షణమే స్పృహ పోయి ఉంటుందని, ఏమీ తెలిసి ఉండదని డాక్టరు మాతో అన్నాడు. అమ్మ ఆ మాట పట్టుకునే అన్నం తింటోంది. ఫోటోలు చూడదు, టీవీ పెట్టదు. ఆ చెయ్యి వాడిదని నేను కోర్టులో చెప్తే, వాడు కిటికీ దాకా వచ్చాడని ఆమెకు తెలుస్తుంది. చెప్పకపోతే తాళం వేసినవాడు ఇంటికి పోతాడు.

అట్లాసులు తీశాను. కవరు తెరవడానికి మూడుసార్లు చెయ్యి పెట్టి వెనక్కు తీసుకున్నాను. ఖాళీ క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరో నా వెనుక నిలబడి ఉన్నట్టు రెండుసార్లు తిరిగి చూశాను. చివరికి తెరిచాను.

గాజుల దాకా పోనవసరం లేకపోయింది. మణికట్టు చూడగానే వాడిదేనని తెలిసింది. రెప్పపాటు చూసి బోర్లా తిప్పేశాను. బస్సులో తిరుపతి వచ్చేదాకా ఆ కవరును ఒళ్లో పెట్టుకోలేక సంచిలో పెట్టి కాళ్ల దగ్గర ఉంచాను.

అమ్మ పెరటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఎట్లా చెప్పాలో బస్సంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. కోర్టు సంగతి చెప్పాను. హాజరు పట్టీ సంగతి చెప్పాను. ఆ చేతికి గాజులున్నాయని చెప్పాను. అంతటితో ఆగాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి. 

"ఏం రంగు?" అంది.

చెప్పాను.

ఆమె లేచి చేతులు కడుక్కుంది. కళ్లద్దాలు పెట్టుకుంది. ఫోటో ఇమ్మని చెయ్యి చాచింది. ఇవ్వకుండా ఉంటే బాగుండునని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. ఆమె దాన్ని వెలుతురు వైపు తిప్పి పట్టుకుంది. అరుస్తుందని, పడిపోతుందని భయపడి దగ్గరగా నిలబడ్డాను. ఏమీ జరగలేదు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"డాక్టరు తెలీక సెప్పినాడు మనకు," అంది.

ఆ తరువాత, గురువారం తానే వస్తానంది. వద్దన్నాను. ప్లీడర్లు నిలబెట్టి అడుగుతారని, మాటకు మాట తిప్పుతారని చెప్పాను.

"గాజులు ఏసింది నేను. నువ్వు పోయి ఏం సెప్తావు? ఆ ప్లీడరు ఏమడగతాడో అది నువ్వు అడుగు, సూద్దాం."

నేను స్టూలు మీద కూర్చున్నాను. ప్లీడరు అడిగినట్టే, మగవాడు గాజులు ఎందుకు వేసుకున్నాడు అని అడిగాను.

"మొక్కు. నువ్వు ఈ ఊరోడివి కాదా అప్పా? గంగమ్మ జాతర ఎప్పుడూ సూళ్లేదా?"

ఫోటోలోవి వాడి గాజులేనని ఆమె ఎట్లా చెప్పగలదని అడిగాను. డజనులో రెండు వాడికి వేసి, మిగతావి తాను వేసుకున్నానంది. చెయ్యి ముందుకు పెట్టింది. ఆమె చేతికి ఆ ఆకుపచ్చ గాజులు ఇంకా ఉన్నాయి. పదకొండు నెలలుగా రోజూ వాటిని చూస్తున్నాను. చూడలేదు.

తరువాతి ప్రశ్న ప్లీడరు తప్పక అడిగేదే. పొగకు స్పృహ తప్పినవాడి చెయ్యి కమ్మీల మీద పడి ఉంటుంది, తాళం సంగతి వాడికేం తెలుసు అంటాడు. అదే అడిగాను.

అమ్మ ఫోటో నా వైపు తిప్పి, గోరుతో చూపించింది.

"వేలు సూడు. ఈడ తాళం ఉండాది, పగలగొట్టండి అని సూపిస్తాండాడు."

రెప్పపాటు కాకుండా ఈసారి చూశాను. నాలుగు వేళ్లు ముడిచి ఉన్నాయి. చూపుడువేలు ఒక్కటే చాచి, కిందికి, షట్టరు వైపు ఉంది. ఊరంతా దాన్ని దండం పెట్టే చెయ్యి అంది. పత్రికలు ప్రాధేయపడే చెయ్యి అని రాశాయి.

"ఇంగేమడగతాడు?" అంది అమ్మ.

ఎంతసేపు చూపించాడు అని అడుగుతాడు. నిమిషమున్నర అని మునస్వామి చెప్పిన జవాబు నా దగ్గర ఉంది. అమ్మకు ఇంకా చెప్పలేదు. 

ఆమె కళ్లద్దాలు సరిచేసుకుని, ఫోటో ఒళ్లో పెట్టుకుని, నా ఎదురుగా నేరుగా కూర్చుంది.

"అడుగు," అంది.