రెండు ఫైళ్లలోనూ జంపక్క

ములకలపల్లి అడవి అంచున ఉన్న ఆ గూడెంలో జంపక్క ఎటంటే నలభై ఇళ్లు అటే. ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్లు తలా ఒక వాటా తీసుకుని పెట్టుకున్న కంపెనీలో ఆమె కూడా వాటాదారే. ఆరేళ్లుగా దానికి చైర్మన్ వెంకటేశ్వరరావు. ఆయన్ను దింపి తాను ఎక్కాలని పాత డైరెక్టరు నాగలత ఆ వేసవిలో పోరు మొదలుపెట్టింది. ఆమె వెనుక ఖమ్మం వ్యాపారి ఒకడున్నాడని అందరికీ తెలుసు.

ఓటింగుకు మీటింగు పెడుతున్నామని నోటీసు వచ్చింది. చోటు మధిర. కంపెనీ ఆఫీసు మధిరకు ఎప్పుడు మారిందో గూడెంలో ఎవరికీ తెలియదు. పెట్టిన రోజు చూస్తే పువ్వు దండిగా రాలే రోజు.

మొదట చైర్మన్ మనిషి సాయికృష్ణ వచ్చాడు.

"గంత దూరం మీరేం వస్తరక్కా? ఈ కాగితం మీద ఏలుముద్ర ఎయ్యుండ్రి. మీ ఓటు సారే ఏస్తడు."

"ఆఫీసు మధిరకెందుకు పోయిందో మీ సార్నే వచ్చి చెప్పమను," అంది జంపక్క.

మర్నాడు నాగలత వచ్చింది. ఆమె చేతిలోనూ అలాంటి కాగితాలే.

"ఆయన మిమ్మల్ని ముంచిండు. ఓటు నాకు రాసియ్యి, జంపక్కా."

"నువ్వు గెలిస్తే పువ్వు ఎవరు కొంటరు?"

"సేటు చూసుకుంటడు."

"గట్లయితే మాకు కంపెనీ ఎందుకు? సేట్లు మునుపు గూడ కొన్నరు గదా."

నాగలత కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది.

మీటింగు రోజు పువ్వును చెట్ల కిందే వదిలేసి ముప్పై ఎనిమిది మంది బయల్దేరారు. "ఇయ్యాల్టి పువ్వంతా పశువుల పాలే," అని గంగక్క దారంతా గొణుగుతూనే ఉంది. ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సుల్లో ఆధార్ కార్డులు చూపించి, ఖమ్మంలో మారి, మధ్యాహ్నానికి మధిర చేరారు.

హాలు గుమ్మంలో వాళ్లను చూడగానే సాయికృష్ణ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీ గూడెం ఓట్లు ఎప్పుడో అందినయ్ గదా!" అని నోరు జారాడు.

"ఏ ఓట్లు? చూపెట్టు," అంది జంపక్క.

ఓట్లు లెక్కపెట్టడానికి బయటినుంచి పిలిపించిన హర్షిత, చైర్మన్ వైపువాళ్లు ఇచ్చిన ఫైలు తెరిచింది. జంపక్క పేరుకెదురుగా వేలిముద్ర ఉంది. పొదుపు సంఘంలో సంతకం నేర్చుకున్నాక జంపక్క వేలిముద్ర వేసి పదిహేనేళ్లు దాటింది.

"చూసిండ్రా దొంగతనం!" అని నాగలత అరిచింది.

హర్షిత నాగలత ఇచ్చిన ఫైలు కూడా తిప్పింది. అందులోనూ జంపక్క ఉంది. ఇక్కడ సంతకమే, కానీ పేరులో ఒక అక్షరం తప్పు.

కోపం రావలసిన చోట జంపక్కకు నవ్వొచ్చింది. "నేను రాకముందే రెండు ఓట్లు ఏసిన్నా?"

హర్షిత రెండు ఫైళ్లూ పక్కన పెట్టి, వచ్చినవాళ్లనే చేతులెత్తమంది. వెంకటేశ్వరరావు లేచి, "ఆరేండ్లు మీకోసమే తిరిగిన," అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. మొదటి ఏడాది కాంటా భుజాన వేసుకుని గూడేలు తిరిగింది ఆయనే. జంపక్కకు అది గుర్తుంది. అయినా చెయ్యి ఎత్తలేదు. నాగలతకూ ఎత్తలేదు. మిగతా గూడేల నుంచి వచ్చినవాళ్లతో కలిసి ఆడవాళ్లు తమలోంచే అయిదుగురిని డైరెక్టర్లుగా నిలబెట్టి గెలిపించుకున్నారు. వద్దు వద్దంటున్నా అందులో జంపక్క పేరూ చేర్చారు.

నెల తర్వాత ఆమె గూడెంలో అందరినీ కూర్చోబెట్టింది. "ఆఫీసు ములకలపల్లికి తెస్తున్నం. సంతకాలు పెట్టుండ్రి."

"ముందుగాల కాగితం సదువు," అంది గంగక్క.

"నేను చెప్తున్న గదనే!"

"సాయికృష్ణ గూడ గట్లనే చెప్పిండు."

జంపక్క మనసు చివుక్కుమంది. అయినా కాగితం విప్పి, కూడబలుక్కుంటూ చదవసాగింది. గంగక్క రెండుసార్లు ఆపి మళ్లీ చదివించుకుంది. ఆ తర్వాతే కలం అందుకుంది.