స్తంభం మీద అన్నయ్య

వదిన ఆదివారం పొద్దున్న వెళ్ళిపోతోంది. శుక్రవారం ఉదయం నుంచి టకటకమ్మ ఈ మాట మనసులో ఏడుసార్లు అనుకుంది. అనుకున్న ప్రతిసారీ ల్యాప్‌టాప్ చార్జరు వైరును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

వైరును పట్టుకోకపోతే కుదరదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వైరు మొనను కిందికి నొక్కి, కాస్త గోడవైపు వంచి పట్టుకుంటేనే ఆ పెట్టె పక్కన చిన్న దీపం వెలుగుతుంది. చెయ్యి కదిలితే అంతా మొదటికి వస్తుంది. అలా మొదటికి రావడం అప్పటికి అయిదుసార్లయింది.

"కదలకు," అంది వదిన.

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"మెల్లగా."

వదిన లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. ఏ పనైనా అంకెలు వేసుకుని చేసే మనిషి. పాత సిస్టం తీసేసి కొత్తది ఎక్కించడం ఎలాగో నాలుగు రోజులు ఫోనులో వీడియోలు చూసి, నోటుబుక్కులో పద్నాలుగు మెట్లుగా రాసుకుంది. మూడో మెట్టు దగ్గరే గంటన్నర గడిచింది. ల్యాప్‌టాప్ వెలగగానే కంపెనీ బొమ్మ ఒకటి తెరమీద మెరుస్తుంది. అది మాయమయ్యేలోపు పైవరసలో పన్నెండో నంబరు బటను నొక్కాలి. వదిన కళ్ళజోడు సవరించుకునేసరికి బొమ్మ వెళ్ళిపోతోంది.

"వదినా, నన్ను నొక్కనీ. వేళ్ళ పని నాది."

"నువ్వు వైరు వదిలితే అసలు బొమ్మే రాదు."

"మరి నువ్వు వైరు పట్టుకో."

"నేను పట్టుకుంటే పుస్తకం ఎవరు చూస్తారు? నీకు నా రాత అర్థం కాదు."

"ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ రాతలన్నీ చదివి టైపు కొట్టాను. నీ రాత ఒక లెక్కా?"

అది నిజమే. టకటకమ్మ ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక డీటీపీ షాపులో పనిచేసింది. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు, ఎవరివో పరిశోధన గ్రంథాలు అన్నీ ఆమె వేళ్ళమీదుగానే వెళ్ళాయి. బటన్లవైపు చూడకుండా కొట్టేది. ఆ చప్పుడును బట్టే షాపులో ఆ పేరు పెట్టారు. షాపు మూసేసిన రోజున ఓనరు ఈ ల్యాప్‌టాప్‌ను ఆమె చేతిలో పెట్టాడు.

దాన్ని ఇంటికి తెచ్చాక ఆమె చేసిన పని ఒక్కటే. అన్నయ్య చెబుతుంటే టైపు చేసింది. అన్నయ్య టెలిఫోను లైన్‌మన్. స్తంభాలు ఎక్కి దిగిన కథలు రోజూ సాయంత్రం గంటసేపు చెప్పేవాడు. వదిన కూర్చోబోతే, "అయ్యాక చదువుదువుగానీ, ఇప్పుడు వింటే తప్పులు దిద్దుతావు," అని వంటింట్లోకి తరిమేవాడు. రెండు వందల పన్నెండో పేజీ దగ్గర ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

రెండేళ్ళయింది. ఆ ఫైలు తెరవడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు. ఇప్పుడు వదినకు వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం వచ్చింది. "ఖాళీగా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది, నన్ను ఆపకు," అంది. టకటకమ్మ ఆపలేదు. ఆపితే ఆగే మనిషి కాదని తెలుసు. శనివారం ఇద్దరూ కూర్చుని ఆ పేజీలు చదవాలని, ఆ తర్వాతే వదిన పెట్టె సర్దుకోవాలని మాత్రం ఒప్పించుకుంది. అవి చదవకుండా వదిన గడప దాటిందంటే ఇక ఎప్పటికీ చదవరని ఆమెకు గట్టి భయం. వెళ్ళేవాళ్ళు "వచ్చాక చూద్దాం" అని వదిలేసిన పనులు ఎన్ని మిగిలిపోయాయో ఆమె దగ్గర పెద్ద జాబితానే ఉంది.

కానీ ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే అరగంట పట్టేది. పేజీ తిప్పితే కునుకు తీసేది. పైగా ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునే ప్రోగ్రాము, 'మీ సిస్టం పాతది, నేను పనిచెయ్యను' అని చెప్పేసింది. టకటకమ్మది బటన్ల ఫోను. వదిన వెళ్ళాక ఆమె ముఖం చూడాలన్నా ఈ పెట్టే దిక్కు. అందుకని కొత్త సిస్టం. ఉచితమట, తేలికట, ఎంత ముసలి పెట్టెనైనా పరుగెత్తిస్తుందట.

"పరుగెత్తించక్కర్లేదు, కాస్త నడిస్తే చాలు," అంది టకటకమ్మ, వైరు పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కుతుంటే.

పదకొండోసారి వదిన వేలు సమయానికి పడింది. నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు జలజలా రాలాయి. ఇద్దరూ ఏదో పాపం చేసినవాళ్ళలా చూస్తూ కూర్చున్నారు. తొమ్మిదో మెట్టు దగ్గర అది ఒక ప్రశ్న అడిగింది. డిస్కులో ఉన్నదంతా తుడిచేసి ఎక్కించమంటారా?

"ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేశాం కదా?" అంది టకటకమ్మ.

"మూడుసార్లు చూశాను. ఉంది. రెండు వందల పన్నెండు పేజీలు."

"ఇంకోసారి చూడు."

"చూడాలంటే ఇదంతా ఆపాలి. ఆపితే మళ్ళీ బొమ్మ దగ్గరికి పోతాం."

బొమ్మ మాట వినగానే టకటకమ్మకు నీరసం వచ్చింది. "సరే కొట్టు," అంది.

కొత్త సిస్టం ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆమె వైరు పట్టుకునే ఉంది. మధ్యలో వదిన నోటికి అందించిన కాఫీ తాగింది, కొంచెం చీరమీద పోసుకుంది. చివరికి నీలం రంగు తెర ఒకటి చక్కగా, కొత్త ఇల్లులా తెరుచుకుంది. వదిన నోటుబుక్కులో పద్నాలుగో అంకెకు టిక్కు పెట్టి, "చూశావా," అంది.

పెన్‌డ్రైవ్ పెట్టారు. ఫైలు కనిపించింది. 'అన్నయ్య' అని తను పెట్టిన పేరు అలాగే ఉంది. నొక్కగానే రెప్పపాటులో తెరుచుకుంది.

తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు. చిన్నవీ పెద్దవీ కలిసిపోయి, మధ్యమధ్య కామాలు, అంకెలు, బ్రాకెట్లు. ఒక్క మాటకూ అర్థం లేదు. వదిన పేజీ దించింది. ఇంకో పేజీ. అన్నీ అంతే. కింద మాత్రం రెండు వందల పన్నెండు అని బుద్ధిగా చూపిస్తోంది.

"పెన్‌డ్రైవ్ పాడైందా?" అంది వదిన.

టకటకమ్మ వైరు వదిలేసింది. తెర ఆరిపోయింది.

"పాడవలేదు వదినా. నా బుద్ధి పాడైంది."

ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. తెలియాల్సిన మనిషి తనే. ఆ షాపులో వాడిన తెలుగు అక్షరాలు బజార్లో దొరికేవి కావు. ఓనరు బావమరిది కూర్చుని గీసి, ఆ షాపు మిషన్లకోసమే తయారుచేసినవి. బటను మీద ఉండేది ఇంగ్లీషు అక్షరమే. దాన్ని తెలుగులో చూపించేది సిస్టంలోపల ఎక్కడో ఉన్న ఆ అక్షరాల మూట. ఇద్దరూ పేజీలు జాగ్రత్తగా పైకి తీశారు. అక్షరాలను మాత్రం లోపలే వదిలి, తలుపు మూసి, ఇల్లు కూల్చేశారు. షాపులో ఏ కొత్త మిషను వచ్చినా ముందు అక్షరాలు ఎక్కించాకే పని మొదలుపెట్టేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు కళ్ళముందు జరిగిన సంగతి ఇవాళ గుర్తుకు రాలేదు.

ఓనరుకు ఫోన్ చేసింది. "ఆ సీడీలా అమ్మా? ఇల్లు మారినప్పుడు పాత సామాను కింద పోయాయి. మా బావమరిది కూడా లేడుగా ఇప్పుడు," అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అది ఆమెకు ఏమీ పనికిరాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే పోట్లాట అవుతుంది. పడుకోబోయే ముందు వదిన మాత్రం ఉండబట్టలేక, "అన్నీ తెలిసినదానివి, తొమ్మిదో మెట్టు దగ్గరైనా నోరు విప్పకపోయావా?" అంది.

"చేతులు కాలాక ఆకులు నాకెందుకు ఇస్తావు?" అని టకటకమ్మ అటు తిరిగి పడుకుంది.

శనివారం పొద్దున్నే ఆమె వైరును ఎలాగో ఒక పుస్తకం కింద అదిమిపెట్టి, తెరముందు కూర్చుని చదవడానికి ప్రయత్నించింది. ఏ బటను ఏ అక్షరమో గుర్తుతెచ్చుకుని ఒక పట్టీ రాసుకుందామనుకుంది. ఎంత ఆలోచించినా ఒక్కటీ రాలేదు. తను టైపు చేసింది తన వేళ్ళతో. తలకు ఎవరూ నేర్పలేదు. టైపు చేసేవాళ్ళు చదవరు కూడా. మాట చెవిలో పడి వేళ్ళలోంచి వెళ్ళిపోతుంది, మధ్యలో ఎక్కడా దిగదు. అన్నయ్య రెండు వందల పన్నెండు పేజీలు చెబితే ఆమెకు గుర్తున్నవి పట్టుమని పది మాటలు లేవు.

కాగితం ఉండచుట్టి మూలకు విసిరి, తల బల్లకు ఆనించి, కళ్ళు మూసుకుంది. చేతులు రెండూ బల్లమీదే ఉన్నాయి.

వదిన వచ్చి పక్కన కూర్చుంది. తెరవైపు చూసి, తప్పుల తడకగా ఉన్న పరీక్ష పేపరు చదివినట్టు చదివింది. "చిన్న కె. పెద్ద యు. మళ్ళీ చిన్న కె. సెమికోలన్. ఏముంది దీంట్లో, నా తలకాయ."

బల్లమీద టకటకమ్మ కుడిచేతి నడిమి వేలు కదిలింది. ఎడమ చిటికెన వేలు పక్కకు జరిగింది, కుడి చూపుడు వేలు పైకి పోయింది. మళ్ళీ నడిమి వేలు. ఆఖర్న చిటికెన వేలు.

"నేను," అంది టకటకమ్మ.

"నువ్వేంటి?"

"అక్కడ 'నేను' అని ఉంది. తర్వాతది చెప్పు. అర్థం వెతక్కు, డిక్టేషను చెప్పినట్టు చెప్పు."

వదిన చెప్పింది. టకటకమ్మ కళ్ళు తెరవలేదు. చెవిలో పడ్డ బటను పేరు వేలికి తెలుస్తోంది. వేలు పడిన చోటునుంచి అక్షరం నోటికి వస్తోంది. కళ్ళు తెరిచి తనే చూసిందా, అంతా పోతోంది. కాబట్టి ఇద్దరూ ఉండాలి. చెప్పడానికి ఒకరు, కొట్టడానికి ఒకరు. పావుగంటకు ఒక వాక్యం తయారైంది.

నేను ఎక్కిన మొదటి స్తంభం వంకరది.

"స్తంభం కాదు, ఎక్కినాయనే వంకర," అంది వదిన. అని, కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది.

దాంతో కష్టాలు తీరలేదు. మధ్యమధ్య వేళ్ళు మొరాయించేవి. చిన్న ఎల్‌కూ ఒకటి అంకెకూ తేడా తెలియక వదిన తప్పు చెబితే అన్నయ్య అర్థంలేని మాటలు మాట్లాడేవాడు. వైరు జారి రెండుసార్లు తెర ఆరిపోయింది. తేలిన మాటలన్నీ వదిన నోటుబుక్కులో ఎక్కిస్తూ, వాక్యాలు దిద్దబోయింది. టకటకమ్మ ఊరుకోలేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి రెండు పేజీలయ్యాయి. డాక్టరుగారి ఇంటిముందు స్తంభం ఎక్కిన అన్నయ్యను వాళ్ళ గోధుమరంగు కుక్క కింద కూర్చుని దిగనివ్వడం లేదు. రెండో పేజీ అక్కడితో అయిపోయింది.

"రోజుకు రెండు చొప్పున ఇంకా నూట అయిదు రోజులు," అంది వదిన.

"రేపు వెళ్ళేదానివి, ఆ లెక్క ఎందుకు వేస్తావు?" అంది టకటకమ్మ. "చూశావా, నేను అనుకున్నట్టే అయింది."

వదిన పెన్‌డ్రైవ్ తీసుకుని చెప్పులేసుకుంది. వీధి చివర జిరాక్సాయన మొదటి పది కాగితాలు బయటికి రాగానే మిషను ఆపేశాడట. "ఏదో పాడైందమ్మా, అంతా పిచ్చిగీతలు వస్తున్నాయి," అన్నాడట. "పాడైంది మిషను కాదు నాయనా, మేము. నువ్వు కానివ్వు," అని వదిన మొత్తం తీయించుకుని చంకలో పెట్టుకొచ్చింది. ఆ కట్టను పెట్టెలో చీరలకంటే అడుగున సర్దింది.

ఆదివారం పొద్దున్న గేటు దగ్గర టకటకమ్మ తాళాలు, మందులు, టికెట్టు, మంచినీళ్ళు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయంది వదిన. మళ్ళీ మొదటినుంచి అడిగింది.

సోమవారం మూడున్నరకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఈసారి వైరును రెండు లావుపాటి పుస్తకాల మధ్య ఇరికించి, పైన సుత్తి పెట్టింది. నాలుగింటికి వదిన ముఖం వచ్చింది. నోరు ఆడుతోంది, మాట రావడం లేదు. పది నిమిషాలు ఇద్దరూ ఒకరికొకరు చేతులతో చెప్పుకున్నారు. వదిన ఫోను తలకిందులు చేసింది. హాస్టలు కప్పు, ఫ్యాను కనిపించాయి. టకటకమ్మ ఇక ఏడుపొస్తుందనుకున్న సమయానికి ఉన్నట్టుండి గొంతు గదంతా మోగింది.

"...ఈ దిక్కుమాలిన దాన్ని నువ్వే కట్టేసి ఉంటావు."

"నేను దేన్నీ ముట్టుకోలేదు."

"సరే, కాగితాలు తీశాను. ఎక్కడ ఆపాం?"

"కుక్క దగ్గర."

"అయ్యో, ఆయన మొన్నటినుంచి స్తంభం మీదే ఉన్నారు. రా, ముందు దింపుదాం." వదిన కళ్ళజోడు పెట్టుకుంది.

టకటకమ్మ కళ్ళు మూసుకుని వేళ్ళు బల్లమీద పరిచింది.

"మెల్లగా చెప్పు వదినా," అంది. "కాసేపు ఉండనీ. తొందరేముంది."