పోచమ్మ కుడికన్ను

శనివారం ఉదయం ఏడున్నరకి భట్టీలోంచి రెండో విడత బన్నులు బయటికొస్తుండగా ఎదురుగా పోచమ్మ గుడి ముందు అరుపులు మొదలయ్యాయి.

"లొల్లి మన గల్లీలనే అక్కా," అన్నాడు జోయెల్ ట్రే దించుతూ. విమలాదేవి బేకరీలో ఇరవై రెండేళ్లుగా భట్టీ చూసుకుంటున్నాడతను. యాభై దాటాడు. బన్నుల రంగు తప్ప ప్రపంచంలో ఏదీ అతన్ని తొందరపెట్టదు. "పో, చూసి రా. పోకుంటే నీకు చాయ్ గూడ దిగదు."

"నాకేం పని?"

"సీఐడీవి గద."

ఆ పేరు గల్లీ పెట్టింది. రెండేళ్ల కిందట గుమ్మాల ముందు పాల ప్యాకెట్లు ఎవరు మాయం చేస్తున్నారో విమలాదేవే కనిపెట్టింది. పోయినేడాది పెళ్లింట్లో పోయిన పట్టుచీరను ఇస్త్రీ బండి అడుగున పట్టుకుంది. రెండుసార్లూ ఆమె చేసింది ఒకటే. కౌంటర్ వెనక నిలబడి చూసింది. లాల్‌దర్వాజాలో ఆ గల్లీ వాళ్లంతా రోజుకొకసారైనా ఆమె కళ్ల ముందుకి వస్తారు. బన్ను కోసం, బ్రెడ్డు కోసం, ఊరికే మాట కోసం.

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని రోడ్డు దాటింది.

అది బీరువా అంత గుడి, ముందు ఇనుప జాలీ తలుపు. లోపల మోకాలెత్తు రాతి పోచమ్మ, ముఖం నిండా పసుపు, దాని మీద రెండు వెండి కళ్ళు. ఇవాళ ఒక్కటే ఉంది. కుడికన్ను ఉండాల్సిన చోట బోసిగా ఉంది. తెల్లారితే బోనాలు.

మెట్టు మీద ఎల్లమ్మ కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ గుడి ఊడ్చి, దీపం పెట్టి, తాళం వేసేది ఆమే. బోనాల రోజు మొదటి బోనం దించుకునేది కూడా ఆమే. ఒక చేతిలో మైనం ముద్ద, ఇంకో చేతిలో గుడి తాళం చాబీ. రెండూ గట్టిగా పట్టుకుని ఉంది.

ఎదురుగా వైకుంఠం నిలబడ్డాడు. పప్పుల హోల్‌సేల్ వ్యాపారి, బోనాల కమిటీ పెద్ద. గుడి వెనక గోడ అతని గోదాం గోడే.

"తాళం పగల్లే, జాలీ వంగలే. చాబీ నీ ఒక్కదాని తాన్నే ఉంది. మరి కన్ను యాడికి పోయినట్టు ఎల్లమ్మా? రెక్కలొచ్చి ఎగిరిందా?"

"నాకెర్క లేదు సేటూ. నిన్న మాపటీలి దీపం పెట్టి తాళమేసిన. గప్పుడు రెండున్నయి. పొద్దుగాల మైనం పెడదామని తెరిస్తే ఒక్కటే ఉంది."

"కొత్తది చార్మినార్ కాడ చేయిస్త, గదేం పెద్ద పని కాదు. కానీ ఇగ చాబీ నీ చేతిల పెట్టుడు కష్టం. నాలుగింటికి కమిటీ కూసుంటది. గప్పటిదాంక కన్ను సంగతి తేల్చు. లేదంటే చాబీ ఇచ్చెయ్."

చుట్టూ ఆడవాళ్లు గుమిగూడారు. వాళ్లందరి ఇళ్లలో ఎల్లమ్మ పురుళ్లు చూసింది, దిష్టి తీసింది. ఇప్పుడు అందరూ ఆమె చీర ముడుల వైపు చూస్తున్నారు.

"బిడ్డా," అంది ఎల్లమ్మ, విమలాదేవిని చూసి. "నేను తియ్యలే. నువ్వన్న నమ్ముతవా?"

విమలాదేవి చెప్పులు విడిచి, జాలీ తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

ఇత్తడి దీపం అక్కడే ఉంది. వెండి ముక్కుపుడక ఉంది. ఎడమకన్ను ఉంది. దొంగ ఇంత దూరం వచ్చి సగం పని చేసి వెళ్లిపోతాడా?

"జర ముట్టుకోనా అవ్వా?"

ఎల్లమ్మ తలూపింది.

ఎడమకన్ను చుట్టూ నల్లబడ్డ పాత మైనం. కుడికన్ను చోట మైనం లేదు. ఎండిపోయి పొరలు లేచిన తెల్లటి మరక ఉంది. విమలాదేవి గోటితో కొంచెం గీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. యాలకులు. నెయ్యి. పంచదార.

అది ఆమె చాయ్ బిస్కెట్ పిండి. ఆ వాసన ఆమె చీరలకి ఉంటుంది, జుట్టుకి ఉంటుంది.

మరక మీద పక్కపక్కనే రెండు సన్నటి గీతలున్నాయి. అలాంటి జంటలు నాలుగైదు. మూత పెట్టని పిండి మీద ఆ గీతలు ఆమె ఎన్నో ఉదయాలు చూసింది. ఎలుక పళ్లు.

కన్ను ఎవరూ తీయలేదు. ఎలుక వచ్చింది పిండి కోసం. దానికి అతుక్కుని కన్ను కూడా పోయింది.

ఆమె లేచి నిలబడింది. చెప్పేద్దామని నోరు తెరిచి ఆగిపోయింది. ఎలుక అంటే సరిపోదు. అమ్మవారి ముఖం మీదికి బిస్కెట్ పిండి ఎట్లా వచ్చిందని అడుగుతారు. అప్పుడు వేలు మళ్లీ ఎల్లమ్మ వైపే పోతుంది.

"నాలుగింటికి నేను గూడ వస్త అన్నా," అంది వైకుంఠంతో. "గప్పటిదాంక అవ్వను ఏమనకు."

బేకరీకి తిరిగొచ్చి కౌంటర్ దగ్గర నిలబడింది. చాయ్ నిజంగానే దిగలేదు.

"జోయెల్, చాయ్ బిస్కెట్ పిండి పచ్చిది ఎవరికన్న ఇచ్చినమా ఈ వారంల?"

"నన్నడుగుతవేంది, ఇచ్చింది నువ్వే. గురువారం. వైకుంఠం సేటు కోడలికి."

"స్రవ్యకా?"

"ఆ. పిలగాడు ఆడుకుంటడు, జర పిండి ముద్ద ఇయ్యుండ్రి ఆంటీ అన్నది. నేను బ్రెడ్డు పిండి ఇయ్యబోతే నువ్వే వద్దన్నవ్. చింటూగాడు నోట్ల పెట్టుకుంటడు, తీపిది ఇద్దాం అన్నవ్. దానకర్ణుడి చెల్లెవి గద."

ఆమెకి గుర్తొచ్చింది. స్రవ్య చెమటలు పట్టి వచ్చింది. చేతి వేళ్లకి పసుపు ఉంది. బోనాల వారంలో ఆడమనిషి చేతికి పసుపు ఉంటే ఎవరు అడుగుతారు? చిరునవ్వుతో ముద్ద చేతిలో పెట్టి పంపింది.

"గురువారం చింటూ ఇంట్ల ఉన్నడా?"

జోయెల్ బన్ను మీద నెయ్యి రాయడం ఆపాడు. "లేడు. వారం సంది అమ్మమ్మ ఇంట్ల ఉండే. నిన్న మాపటీలి ఆటోల దిగిండు. సేటు దించుకొని సీదా ఈడికే తెచ్చిండు, క్రీమ్ బన్నుకు." ఒక్క క్షణం ఆగి, "అరే," అన్నాడు.

"నోరు మూస్కో."

"మూసిన."

పదకొండింటికి స్రవ్యే వచ్చింది, రేపటి చుట్టాలకి బిస్కెట్లు చెప్పడానికి. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఐదేళ్లు. ఏదో కంపెనీ పని ఇంటి నుంచే చేస్తుంది. మెడలో హెడ్‌ఫోన్స్, ముఖం మాత్రం నిద్రలేనట్టుంది.

విమలాదేవి ఆమెను లోపలికి పిలిచి మైదా బస్తా మీద కూర్చోబెట్టింది. చుట్టూ తిప్పలేదు.

"పిండి ముద్ద చింటూకి కాదు గద బిడ్డా?"

స్రవ్య తల వంచుకుంది. హెడ్‌ఫోన్స్ వైరు వేలికి చుట్టి విప్పింది.

"పసుపు రాస్తుంటే నా చేతిలకే ఊడొచ్చింది ఆంటీ," అంది. "నేను లాగలే, దేవుడి తోడు. ఎల్లమ్మవ్వ నీళ్లకు పోయింది. ఎవ్వరు లేరు. అమ్మవారి కన్ను నా చేతిల ఊడిందంటే అత్తమ్మ ఏమంటది? చింటూకి జ్వరమొచ్చినా నా పాదమే అంటది. మామయ్య జారి పడితే నా పాదమే. గిది తెలిస్తే జిందగీ మొత్తం గిదే మాట."

"గందుకని అతికిచ్చినవ్."

"మంచిగనే ఆనింది ఆంటీ. నిన్న గూడ మా ఇంటి కిటికీల నుంచి చూసిన. ఉండే. ఇయ్యాల పోయిందంటే నిజంగనే ఎవరో తీసిర్రు అనుకున్న." గొంతు తగ్గింది. "ఎల్లమ్మవ్వే తీసిందేమో అని గూడ అనుకున్న. అనుకుంటే నాకు జర తేలికైంది."

ఆ చివరి మాట విని విమలాదేవి ఆ పిల్లని కొత్తగా చూసింది. అబద్ధం చెప్పేవాళ్లని ఆమె చాలామందిని పట్టుకుంది. ఇంత నిజం చెప్పినవాళ్లు తక్కువ.

"ఎలుక తీస్కపోయింది," అంది. "తీపి పిండి గద. తీపిది ఇచ్చింది నేను. ఎందుకని అడగంది గూడ నేనే."

స్రవ్య తలెత్తింది. "ఇప్పుడు అందరికి చెప్తరా?"

"కన్ను ఎట్ల పోయిందో చెప్త. పిండి నాదని చెప్త. నీ పేరు నా నోట్లకెళ్లి రాదు." విమలాదేవి ఆమె వేళ్ల వైపు చూసింది. గోళ్ల అంచుల్లో పసుపు ఇంకా పోలేదు. "కానీ అవ్వ ముఖం ఒక్కసారి చూసి, ఏం చెయ్యాల్నో నువ్వే అనుకో."

మూడున్నరకి విమలాదేవి, జోయెల్ కలిసి వైకుంఠం గోదాం ముందు నిలబడ్డారు.

"అన్నా, నీ గోదాంల ఎలుకలున్నయా?"

వైకుంఠం ముఖం ఎర్రబడింది. "నా గోదాంల ఎలుకలా? ఎవడన్నడు? నలభై ఏండ్ల దుకానం విమలక్కా! గిరాకీలు వింటే ఏమనుకుంటరు? జర మెల్లగ మాట్లాడు!"

"లేకపోతే మంచిదే. గుడి గోడ పక్క బస్తాలు జరుపుదాం. ఏం లేకుంటే నేనే మళ్ల సర్దుత."

"నువ్వు సర్దుతవా, నేను సర్దుతనా?" అని జోయెల్ గొణిగాడు. అయినా బస్తాలు లాగాడు. ఆరో కందిపప్పు బస్తా పక్కకి జరగగానే గోడ మూలన గుడిలోకి తెరుచుకున్న గుప్పెడంత కన్నం కనిపించింది. దాని ముందు గోనె పీచు, చిరిగిన బిస్కెట్ కాగితాలు, పప్పు గింజలతో గూడు. ఏదో నల్లగా బస్తాల కిందికి దూరిపోయింది. వైకుంఠం ఒక అడుగు వెనక్కి దూకాడు.

విమలాదేవి గూడులో చెయ్యి పెట్టింది. చల్లగా తగిలింది. తీసి వెలుతురులో పట్టుకుంది.

వెండి కన్ను. అంచు మీద రెండు సన్నటి గీతలు.

నాలుగింటికి గుడి ముందు దాదాపు గల్లీ అంతా ఉంది. ఎల్లమ్మ పొద్దున కూర్చున్న మెట్టు మీదే ఉంది. అన్నం తిన్నట్టు లేదు. చాబీ ఎదురుగా రాతి మీద పెట్టి ఉంది, అడగకముందే.

వైకుంఠం కన్ను పైకెత్తి అందరికీ చూపించాడు. అతనికి నిజంగానే భారం దిగినట్టుంది.

"దొరికింది! ఎలుక ఎత్తుకపోయింది. అయిపోయింది, ఇగ లొల్లి లేదు. తీస్కో ఎల్లమ్మా చాబీ. రేపటికి మస్తు పనుంది."

ఎల్లమ్మ చాబీ తీసుకోలేదు.

"దొరికింది అన్నవ్ సేటూ," అంది. "ఎల్లమ్మ తియ్యలే అని అనలే."

"రెండు ఒక్కటే గద."

"ఒక్కటి కాదు."

వెనక నుంచి ఎవరో అన్నారు. "అయినా ఎలుక మైనం తింటదా? ఇన్నేండ్లల తినలే గద?" ఇంకో గొంతు అందుకుంది. "ముసల్ది మైనం లేక ఏదో పిండి పెట్టి ఉంటది. చాతనైతలేదు ఇగ."

విమలాదేవి అనుకున్నదే అయింది. దొంగ అన్న మాట పోయి, చేతకాదన్న మాట వచ్చింది. చాబీ ఎట్లాగైనా పోయేటట్టే ఉంది.

"పిండి నాది," అంది ఆమె గట్టిగా. "చాయ్ బిస్కెట్ పిండి. నా చేతులతోని ఇచ్చిన. అవ్వకియ్యలే."

వైకుంఠం తిరిగి చూశాడు. "మరెవరికిచ్చినవ్?"

విమలాదేవి పెదవులు బిగించుకుంది.

"చెప్పు విమలక్కా. ఎవరికి?"

ఆమె అతన్ని చూడలేదు. ఎవరినీ చూడలేదు. రాతి మీద ఉన్న చాబీని మాత్రం చూసింది. గల్లీలో ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నాకు మామయ్యా."

గుంపు విడిపోయి దారిచ్చింది. స్రవ్య ముందుకొచ్చి మొత్తం చెప్పింది. పసుపు, ఊడిన కన్ను, భయం, పిండి. ఎల్లమ్మను అనుమానించిన సంగతి కూడా వదల్లేదు. అత్త చెయ్యి నోటి మీదికి పోయింది. వైకుంఠం చేతిలో కన్ను అలాగే ఉండిపోయింది. పొద్దున తాను ఎంత గట్టిగా అరిచాడో ఇప్పుడు అతనికే వినపడుతున్నట్టుంది.

అతను చెప్పులు విడిచాడు. మెట్టు దగ్గరికొచ్చి, చాబీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎల్లమ్మ తియ్యలే," అన్నాడు, గల్లీ చివరిదాకా వినపడేటట్టు. "తప్పు నాది. నా ఇంటిది."

ఎల్లమ్మ చాబీ అందుకుని కొంగుకి ముడివేసింది. ఆ ముడి వేయడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

"కొత్త కన్ను తెప్పియ్యనా?" అడిగాడు వైకుంఠం.

"ఎందుకు? ఇదే అమ్మది." ఆమె స్రవ్య వైపు తిరిగింది. "నువ్వు రా బిడ్డా. ఏడ్వకు, రా. ఏడాదికి మైనం ఎండిపోతది. ఊడుతది. నా చేతిల ఎన్నిసార్లు ఊడిందో. గందుకే గద ఏటా బోనాల ముందుగాల మైనం పెట్టుడు. నన్నడిగితే నవ్వి చెప్తుంటి."

స్రవ్య చెంపలు తుడుచుకుని ఆమె పక్కన కూర్చుంది. ఎల్లమ్మ దీపం మీద మైనం కరిగించింది. పాత పిండి మరక తడిగుడ్డతో తుడిచింది. కన్ను వెనక మైనం అద్ది, రాతి ముఖం మీద పెట్టి, స్రవ్య బొటనవేలు పట్టుకుని దాని మీద ఆనించింది.

"కాలుతుంది అవ్వా."

"కాలుతది. చల్లారేదాంక వదలకు."

స్రవ్య వదల్లేదు. వైకుంఠం చెప్పుల్లేకుండా ఎండకి కాలుతున్న రాళ్ల మీద నిలబడి, కోడలి బొటనవేలి వైపే చూస్తూ ఉండిపోయాడు.